కరగుటకు నిమిత్తము

ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోనిదై, నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాకు చెందిన జైనూరు మండలమున ఉషేగావ్ అను పల్లె యొకటి కలదు. అచ్చటి ఓజవారు తరతరములుగా గోండుల దేవతామూర్తులను, పూజలకు వలయు గంటలను, మువ్వలను, కడియములను, దీపపు సెమ్మెలను ఇత్తడితో పోతపోయుచు, ఆ పనియే జీవికగా బ్రదుకుచున్నారు. డోక్రా అను పేర లోకమెరిగిన యీ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. నగరములలోని హస్తకళా ప్రదర్శనములలో వీరి నెమళ్లను, ఏనుగులను కొనువారు వాని సొగసును మెచ్చి యింటికి గొనిపోవుదురు. మెచ్చవలసినదే. కాని ఆ నెమలి రూపొందుటకు ముందు, కొలిమి యొద్ద, గట్టిగానుండిన వస్తువు నీరై పారి, కొంత పొగయై లేచి, తక్కినది మరల గట్టిపడిన వైనమును కన్నులార చూచినవారికి, పాఠశాలలో ఘనము, ద్రవము, వాయువు అని మూడు మాటలు చెప్పి ముగించిన పాఠము నిజముగా అచ్చట ముగియలేదనియే తోచును.

పని మట్టితో మొదలగును. జల్లించిన మట్టిని పేడతోను ఊకతోను కలిపి పిసికి, బొమ్మకు లోపలి దిమ్మను చేసి యెండబెట్టుదురు. తేనెపట్టులనుండి తీసిన మైనమును గుగ్గిలము వంటి బంకతో కూడ కాచి, అది వెచ్చవెచ్చగా నుండగనే సన్నని రంధ్రముల గుండ నొక్కి దారములుగా తీయుదురు. ఆ దారములను దిమ్మపై ఒకదాని ప్రక్క నొకటిగా చుట్టుచు, కన్నులు, ముక్కు, నగలు, ఈకలు, సమస్తమును మైనముతోనే తీర్తురు. ఇందలి నేర్పంతయు వ్రేళ్ల వేడిమిలో నున్నది. మంచుగడ్డ ఒక డిగ్రీకి ఇవతల గట్టి, అవతల నీరు. మైనము అట్లు కాదు. అది పలువిధములైన పెద్ద పెద్ద అణువుల కూడలి యగుటచే, 62 నుండి 65 డిగ్రీల నడుమ పూర్తిగా కరగుటకు చాలముందే మెత్తబడి, ఒత్తినట్లెల్ల ఒదిగి, వదలిన తావున నిలుచును. ఈ నడిమి స్థితియే లేకున్నచో దారమును లేదు, నెమలి యీకయును లేదు.

మైనపు బొమ్మపై మొదట మెత్తని మట్టిని పలుచగాను, దానిపై గరుకు మట్టిని మందముగాను పూసి, ఒక దారి మాత్రము విడిచి, ఎండిన పిమ్మట నిప్పులపై పెట్టగా, లోని మైనము కరగి వెడలిపోయి, దాని రూపు మాత్రము శూన్యముగా మిగులును. ఆ శూన్యమునే కరగిన ఇత్తడితో నింపుదురు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టనిది బొమ్మ బయటికి రాదు గనుక, ఒక మట్టి అచ్చుకు ఒక బొమ్మయే. అచ్చము అట్టిదే మరియొకటి కావలెనన్నను కాదు. గట్టిపడునప్పుడు ఇత్తడి కొంచెము కుదించుకొనును గావున, పోసిన దారిలో మరికొంత లోహము నిలిచి యుండి ఆ లోటును పూరింపవలెను. లేనిచో ఏనుగు వీపున గుంట పడును.

ఇక కొలిమి. పాత చెంబులు, బిందెలు, పగిలిన పళ్లెములు మూసలో చేరి, తిత్తి యూదగా నూదగా ఎఱ్ఱబడి, సుమారు 900 డిగ్రీలు దాటిన పిదప అద్దమువలె మెరయు ద్రవమగును. ఇత్తడి యనునది రాగియు యశదమును కలిసిన లోహము. రాగి తానొక్కటియే అయినచో 1,085 డిగ్రీలవరకు కరగదు; యశదము 420కే కరగి, 907కే ఉడికి ఆవిరియగును. ఈ రెండు స్వభావములు ఒకే మూసలో చేరినందున, ఇత్తడి పోతకు సిద్ధమగు వేళకు దానిలోని యశదము కొంత తప్పించుకొని, మూస మూతివద్ద గాలి తగులగనే తెల్లని పొగయై, చుట్టునున్న ఇటుకలపై తెల్లని బూడిదగా వ్రాలును. ఆ పొగను పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చుట లోహపు పనివారెల్లరు ఎరిగిన సంగతి. మూసకు దిగువ మట్టి ఘనము, మూసలోనిది ద్రవము, మూసపై లేచునది వాయువు. మూడును మూరెడు చోటనే యున్నవి. వీనిలో దేని సహజస్థితి యేది?

ఈ ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన తెలుగువాడే; 17వ శతాబ్దివాడు. ఆయన ద్రవత్వమును ఒక గుణముగా నెంచి, అది సాంసిద్ధికమనియు నైమిత్తికమనియు రెండు తెరగులుగా విభజించెను. నీటి ద్రవత్వము సాంసిద్ధికము, అనగా దాని పుట్టుకతో వచ్చినది. నేతికి, బంగారమునకు గల ద్రవత్వము నైమిత్తికము, అనగా అగ్నిసంయోగమను నిమిత్తమువలన కలిగినది. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే కణాదుని వైశేషిక సూత్రములలో నేయి, లక్క, మైనము ఒక వరుసగను, తగరము, సీసము, ఇనుము, వెండి, బంగారము మరియొక వరుసగను, అగ్నిసంయోగముచే ద్రవించు వస్తువులుగా చెప్పబడినవి. ఉషేగావ్ కొలిమి యొద్ద నిలిచి చూచినవారు ఈ పట్టికను వ్రాసినారా యన్నంత సరిగా నున్నది. కణాదుడు పరమాణువులను గూడ చెప్పెను గదా యని, డాల్టను 1808లో ప్రకటించిన సిద్ధాంతమంతయు మనయొద్ద ముందే యున్నదని చాటువారు కొందరు కలరు. ఆ వాదమున నాకు రుచి లేదు. తూచి, కొలిచి నిలిపిన సిద్ధాంతము వేరు. తర్కముతో ఊహించిన పరమాణువు వేరు. అయినను అన్నంభట్టు వేసిన విభాగము మాత్రము మంచి ప్రశ్నను లేవనెత్తునది: ద్రవత్వమునకు నిమిత్తము కావలెనన్నచో, నీటికి మాత్రము ఎందుకు అక్కరలేదు?

అక్కరలేకపోలేదు. నీటికిని నిమిత్తము కలదు. అది మన చుట్టును ఎల్లవేళల నుండుటచేత మనకు కానరాదు. సున్నకు పైనను నూటికి లోపలను ఉండు వేడిమిలో, సముద్రమట్టపు గాలి బరువు క్రింద పుట్టి పెరిగిన మనము, అట్టి వాతావరణమున నీరు ఏ స్థితిలోనుండునో అదియే దాని స్వభావమనుకొంటిమి. యశదపు ఆవిరిలో బ్రదుకగల ప్రాణి యొకటి యున్నచో, అది యశదమును వాయువనియే నిర్వచించియుండును.

నిమిత్తమనగా నేమో కణముల మాటగా చెప్పవలెను. వస్తువేదైనను కణములతో కూడినదే. అవి అణువులు కావచ్చును, పరమాణువులు కావచ్చును. పేరు ఇచ్చట ముఖ్యము కాదు. ఈ కణములకు రెండు ప్రవృత్తులు కలవు. మిక్కిలి చేరువకు వచ్చినప్పుడు ఒకదాని నొకటి ఆకర్షించును. మరియును దగ్గరైనచో త్రోసికొనును. అట్లే, ఎన్నడును ఊరకయుండవు. నిరంతరము చలించుచునే యుండును. మనము వేడి యని పిలుచునది ఈ చలనమునే. 1827లో రాబర్టు బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలో పుప్పొడి నుండి వెలువడిన రేణువులు కారణము కనబడకయే తత్తరపడుచుండుటను సూక్ష్మదర్శినిలో చూచెను. 1905లో ఐన్‌స్టీను అది కంటికి కానరాని నీటి అణువుల తాకిడియేనని లెక్కగట్టెను. పెరాను అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆ లెక్కను ప్రయోగములచే రుజువు చేసెను. ఆకర్షణ ఒకవంక, చాంచల్యము ఒకవంక. ఈ రెంటిలో ఎప్పుడేది గెలుచునో దానినిబట్టియే వస్తువు గట్టియా, పారునదియా, ఆవిరియా యని తేలును. ఒత్తిడి యను మూడవ పక్షము కూడ కలదు. దాని పని రామగుండము విద్యుత్కేంద్రములో చూతము.

ఆకర్షణ గెలిచిన చోట ఘనము. గుంజకు కట్టిన దూడ నలుదిక్కులకును గుంజుకొనుచు ఎగురునే కాని గుంజను విడిచిపోనట్లు, ఘనమునందలి కణము తన తావున నిలిచి కంపించుచుండును. వేడి హెచ్చినకొలది కంపనము పెద్దదగును. అందుచేతనే ఎండకాలమున రైలు పట్టాలు సాగును. ఇంతవరకు పాఠ్యపుస్తకములలో నున్నదే. అయితే ఘనమునందలి కణములు తమ తావును ఎన్నటికిని విడువవను మాటను నమ్మినచో, కరీంనగరు వెండిపనివారి యింటికి పోయి చూడవలెను.

కరీంనగరు వెండి తీగపనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినది. నాటి నిజాము కొలువులో పాన్‌దానులకు, అత్తరుదానులకు పేరుబడిన యీ పనికి వెంట్రుకవంటి తీగ మూలము. వెండికడ్డీని కమ్మచ్చులోని పెద్ద బెజ్జమున దూర్చి పట్టకారుతో అవతలినుండి లాగుదురు. దానికంటె చిన్న బెజ్జము, మరియును చిన్నది. ఇట్లు లాగగా లాగగా కడ్డీ తీగయై, తీగ సన్ననై పోవును. కరగింపలేదు, నూరలేదు, గట్టిగా నున్నదానిని గట్టిగా నుండగనే అంత పొడవు సాగదీసిరి. లోహములందు పరమాణువులు పొరలు పొరలుగా కూర్చుండును. వాని నడుమ బంధముగా నుండు ఎలక్ట్రానులు ఏ యొక్క జంటకును చెందక అన్నిటికిని ఉమ్మడిసొత్తై యుండును. కావున ఒక పొర మరియొక పొరపై జారినను బంధము తెగదు, క్రొత్త ఇరుగుపొరుగుతో వెంటనే అతుకుకొనును. ఉప్పుగల్లును అట్లు లాగబోయినచో పొడియగును. దానిలో ఒక కణము జరిగెనా, దాని ప్రక్కకు సజాతీయమైన విద్యుదావేశము గలది వచ్చి త్రోసివేయును.

కొంతదూరము లాగిన పిమ్మట తీగ మొండికెత్తును. జారిన పొరలలోని లోపములు ఒకదానిలో నొకటి చిక్కుపడి యిక జారనీయవు. ఇంకను లాగినచో పుటుక్కున తెగును. అప్పుడు పనివాడు తీగచుట్టను నిప్పుపై ఎఱ్ఱనిచ్చాయ వచ్చువరకు కాల్చి చల్లార్చును. అది మెత్తబడి మరల లాగుటకు లొంగును. వెండి కరగుటకు 962 డిగ్రీలు కావలెను. కంసాలి దీనిని ఆ దరిదాపులకు పోనీయడు. కరగకయే, ఘనముగా నుండియే, పరమాణువులు చిక్కులను విప్పుకొని తమ వరుసలను మరల దిద్దుకొనుటకు అంత వేడియే చాలును.

ఇంతకంటె వింత ఉక్కుపనిలో కలదు. మెట్పల్లికి పడమటగా, పూర్వపు కరీంనగరు నిజామాబాదు జిల్లాల యెల్లలో నున్న కోనసముద్రము ఒకప్పుడు పారసీక దేశపు వర్తకులు వచ్చి ఉక్కుముద్దలను కొనిపోయిన యూరు. దమస్కసు ఖడ్గములని పేరొందినవానికి ఇట్టి దక్షిణదేశపు ఉక్కే ముడిసరుకు. హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు అచ్చటి పద్ధతిని చూచి వ్రాసిన వ్యాసము, ఆయన గతించిన పిదప, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. రెండు తావుల నుండి తెచ్చిన ఇనుమును ఒకే మూసలో చేర్చి, మూతవైచి, కొలిమిలో దీర్ఘకాలము కాచుట ఆ పద్ధతిలోని సారము. శుద్ధమైన ఇనుము 1,538 డిగ్రీలకు గాని కరగదు. తోలుతిత్తులతో ఊదిన బొగ్గుల మంటకు అది మిక్కిలి దుస్సాధ్యము. కాని ఇనుములో నూటికి నాలుగు పాళ్లకు మించి బొగ్గుసారము, అనగా కర్బనము, చేరినచో 1,150 డిగ్రీలకే కరగును. అన్యపదార్థము చేరి వరుసను చెరుపుటచే గట్టితనము త్వరగా ఓడును. ఇందలి రహస్యమేమనగా, ఎఱ్ఱగా కాలిన ఇనుములోనికి, అది కరగకమునుపే, కర్బనపు చిన్న పరమాణువులు ఇనుప పరమాణువుల సందులగుండ ఒక సందునుండి మరియొక సందునకు దాటుచు, పైనుండి లోనికి నడచిపోవును. రాతివలె గట్టిగానున్న దానిలో ఈ రాకపోకలు! ఘనము నిశ్చలమను భావము మన చూపు మాంద్యమువలన కలిగినదే.

ఆకర్షణయు చాంచల్యమును ఇంచుమించు సరిజోడైన చోట ద్రవము. కణములు ఇంకను ఒకదానినొకటి ఒరసికొనియే యుండును. అందుచే ద్రవమును అణచి కుదించుట దుర్ఘటము. కాని ఎవరికిని స్థిరమైన తావు లేదు. క్షణక్షణము ఇరుగుపొరుగు మారుచుండును. అందుచే దానికి తనదను రూపు లేక, పోసిన పాత్ర రూపునే తాల్చును. ఉపరితలమున నున్న కణములకు పైవైపు ఆకర్షించువారు లేకపోవుటచే అవి లోనికి లాగబడి, ద్రవమునకు ఒక బిగువైన పైచర్మము వంటిది ఏర్పడును. వెండిపనివారు తీగ మెలికలను అతుకుటలో దీనినే నమ్ముకొన్నారు. వెండిలో కొంత రాగి కలిపిన టంకమును, వెలిగారముతో తడిపిన కీళ్లపై చల్లి, ఊదుగొట్టముతో మంటను పారించగా, టంకము కరగి, ఎవరును నెట్టకయే, తీగకును తీగకును నడుమ వెంట్రుకవాసి సందులోనికి తానే ప్రాకిపోవును. వెండి 962కు, రాగి 1,085కు కరగునవైనను, 72 పాళ్లు వెండియు 28 పాళ్లు రాగియు కలిసిన మిశ్రమము 779కే కరగుట విచిత్రము. అందుచే టంకము పారును, తీగ నిలుచును. మంట క్షణకాలము ఎక్కువసేపు నిలిచెనా, పది దినముల పని యొక వెండిబొట్టగును.

ద్రవము చల్లారినంత మాత్రమున గట్టిపడితీరవలెనను నియమమును లేదు. ఫాల్గుణ చైత్రములలో, జగిత్యాల మామిడితోటలు పిందెతో నుండి, వరి పొట్టకు వచ్చియున్న వేళ, ఒక సాయంకాలము మబ్బు నల్లబడి రాళ్లవాన కురిసి రైతును ముంచును. ఆ మేఘముల పైభాగమున నీటి తుంపురలు సున్నకు పది, పదునైదు డిగ్రీలు దిగువనున్నను గడ్డకట్టక ద్రవముగనే తేలుచుండును. గట్టిపడుటకు కణములు వరుసదీరవలెను. ఆ వరుసకు మొదటి పంక్తిగా ఒక ధూళిరేణువో, మంచుపలుకో దొరకవలెను. దొరికిన తక్షణమే తుంపురలన్నియు దానిపై గడ్డకట్టుచు, గాలి పైకెగయ విసరినప్పుడెల్ల ఒక పొర పెరుగుచు, బరువు మోయలేని స్థితిలో నేల కూలును. రాలిన రాతిని నడిమికి కోసి చూచిన యెడల ఉల్లిపొరల వంటి వలయములు కనబడును. ఈ వడగండ్లు మన ప్రాచీనులను గూడ చిక్కున బెట్టినవి. నీటికి ద్రవత్వము సహజమైనచో ఇది రాయి యెట్లాయెను? కణాదుని వైశేషికమును వివరించిన ప్రశస్తపాదుడు దివ్యమైన తేజస్సు తగులుటచే నీటి పరమాణువులు గట్టిగా పెనవేసికొని, వాని సహజ ద్రవత్వము అడ్డగింపబడెనని సమాధానమిచ్చెను. కారణము తలక్రిందైనది, తేజస్సు చేరుటవలన కాదు, తొలగుటవలన గడ్డకట్టును. కాని నీరు గడ్డకట్టుటకు ఒక నిమిత్తము చెప్పితీరవలెనని ఆయనకు తోచుటయే నాకు మిక్కిలి విలువైనదిగా కనబడును.

చాంచల్యము పూర్తిగా గెలిచిన చోట వాయువు. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ వాని ఒడ్డుకు సుమారు పదిరెట్లు ఎడము. ఆ యెడములో అవి సెకనుకు వందల మీటర్ల వేగమున పోవుచు, ఢీకొనుచు, మరల పోవుచుండును. అయితే వాయువగుటకు ఉడుకవలసిన పని లేదు. ద్రవములో అన్ని కణములును ఒకే వేగమున నుండవు. మిక్కిలి వేగము గలవి కొన్ని, ఉపరితలమునకు వచ్చినప్పుడు ఆకర్షణను తెంచుకొని ఎగిరిపోవును. చుఱుకైనవి పోగా మిగిలినవానిలో సగటు వేగము తగ్గును, అనగా నీరు చల్లబడును. వైశాఖమున 45 డిగ్రీలు దాటు ఎండలో, రామగుండము ప్రాంతపు ఇంటింటి అరుగుపైనను కనబడు రంజనుకు వేరు మంత్రమేమియు లేదు. మట్టి రంధ్రముల గుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు, ఒక్కొక్క కిలోకు 580 కిలోకేలరీల చొప్పున లోని నీటి వేడిని గొనిపోవును. ముసురు పట్టిన శ్రావణమున అదే రంజను చల్లబరుపదు; ఎగిరిపోవు కణములెన్నో, తేమతో నిండిన గాలి నుండి తిరిగివచ్చు కణములును ఇంచుమించు అన్నియే.

గోండు పల్లెలలో ఇప్పపూవునుండి తీయు సారాయును ఈ పాఠమునకే చెందినది. నీటిలో నానవైచి పులియబెట్టిన పూలను కుండలో కాచుదురు. సారము, అనగా ఆల్కహాలు, 78 డిగ్రీలకు మరగునది, నీరు నూటికి. కావున మొదట లేచు ఆవిరిలో సారము పాలు హెచ్చు. కుండపై మూతగా నుంచిన పాత్రలో చన్నీరు పోసియుంతురు. దాని చల్లని అడుగు తగిలిన ఆవిరి మరల ద్రవమై లోని గిన్నెలో పడును. పైనీరు వేడెక్కినప్పుడెల్ల మార్చవలెను. మార్చుట మరచినచో ఆవిరి గాలి పాలగును. గోండులకు ఇది దేవతలకు పోయు పవిత్ర పానీయము. అబ్కారీ శాఖవారికి వేరు దృష్టి యుండుట సహజము.

ద్రవమను మెట్టు ఎక్కకయే ఘనమునుండి వాయువునకు దుముకునవియు కలవు. వేములవాడ రాజన్న గుడి ముంగిట దుకాణములలో అమ్ము కర్పూరపు బిళ్ల పొట్లములోనే దినదినము క్షీణించును. చుట్టు తడియైనను కానరాదు. కర్పూరపు అణువులు ఒకదానినొకటి బలహీనముగా పట్టుకొనియుండుటయే దీనికి కారణము. ఈ మూడు స్థితులకు పైన, పరమాణువులు తమ ఎలక్ట్రానులనే విడిచిపెట్టునంతటి వేడిలో ప్లాస్మా యను నాలుగవదియు కలదు. పిడుగు పడిన త్రోవయంతయు అట్టిదే, సూర్యుడును అట్టివాడే. నక్షత్రములలో ఎంతవేడికి ఎంత భాగము అట్లు విడివడునో 1920లో లెక్కగట్టినవాడు మన మేఘనాద సాహా. సత్యేంద్రనాథ బోసు 1924లో వేసిన పునాదిపై, పరమశీతలమున కనబడు ఐదవ స్థితి 1995లో అమెరికాలో ప్రయోగశాలకెక్కినది. అవి వేరు వ్యాసమునకు తగినవి; గోదావరి ఒడ్డున మనకు పని చాలనున్నది.

రామగుండమున విద్యుత్కేంద్రమునకు 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిరి. 200 మెగావాట్ల యూనిట్లు మూడును, 500 మెగావాట్లవి నాలుగును కలిసి 2,600 మెగావాట్ల కేంద్రముగా అది పెరిగినది. సింగరేణి బొగ్గును కాల్చి నీటిని ఆవిరిచేసి, ఆ యావిరితో చక్రములను త్రిప్పుట అచ్చటి పని యని చెప్పినచో అయిపోవును. కాని ఆవిరి చేయుట యన్నది ఎంతటి వ్యయమో సామాన్యముగా తలపునకు రాదు. ఒక కిలో నీటిని సున్ననుండి నూరు డిగ్రీలవరకు తెచ్చుటకు 100 కిలోకేలరీలు చాలును. నూరు డిగ్రీల నీటిని నూరు డిగ్రీల ఆవిరిగా మార్చుటకు మరియొక 540 కావలెను. అంత వేడి పోసినను ఉష్ణమాపకము ఒక్క గీతయైనను కదలదు. ఆ వేడియంతయు చాంచల్యమును పెంచుటకు గాక, కణములను ఆకర్షణనుండి విడదీయుటకే వ్యయమగును. విడివడిన పిదప ఆ కిలో నీరు తొల్లింటికి 1,670 రెట్ల చోటును ఆక్రమించును.

ఇచ్చట ఒత్తిడి రంగమునకు వచ్చును. పాత్రను మూసి ఒత్తిడిని పెంచినకొలది నీరు నూటికి మరగదు. కణములు తప్పించుకొనుటకు ఇంకను ఎక్కువ వేగము కావలసివచ్చును. ఒత్తిడి గాలి ఒత్తిడికి 170 రెట్లైనప్పుడు అది 350 డిగ్రీలు దాటిన పిమ్మట గాని మరగదు. ఆ వేడికి నీరు వ్యాకోచించి పలుచనై యుండును. ఆవిరియో, అణగద్రొక్కబడి చిక్కనై యుండును. రెంటికి భేదము తగ్గుటచే, విడదీయు వ్యయమును 540 నుండి 200కు దాపుగా దిగును. పాత యూనిట్లలో ఈ మరగుట జరుగు బాయిలరునకు పైన డ్రమ్మను పెద్ద ఉక్కు పీపా యుండును. దానిలో అడుగున నీరు, పైన ఆవిరి; నడుమ నీటిమట్టము. ఆ మట్టము పెరిగినచో నీటితుంపురలు చక్రముల రెక్కలను తినివేయును, తరిగినచో గొట్టములు కాలి పగులును. కావున రేయింబవళ్లు దానిపై కన్ను వేసియుండుట బాయిలరు చూచువారి ముఖ్యధర్మము.

ఒత్తిడిని ఇంకను పెంచుచు పోయినచో నేమగును? ఈ సంగతిని మొదట తెలిసికొన్నవాడు చెవితో తెలిసికొనెను. కాన్యార్ ద లా టూర్ అను ఫ్రెంచి పండితుడు 1822లో, తుపాకి గొట్టమొకదానిలో సారమును, ఒక చెకుముకిరాతి గుండును వైచి, రెండు కొనలును మూసి, కాచుచు, గొట్టమును అటునిటు వంచుచు వినెను. గుండు ద్రవములో దొరలునప్పుడు నీటిచప్పుడు వినవచ్చెను. ఒక వేడిమి దాటగనే ఆ చప్పుడు ఆగిపోయెను. లోపల ద్రవమునకును ఆవిరికిని నడుమ గుండు తాకుటకు హద్దే లేకపోయెను. నీటి విషయమున ఆ మేర 374 డిగ్రీలు, 218 రెట్ల గాలి ఒత్తిడి. దానికి పైన నీరు మరగదు. బుడగలు లేవు, మట్టము లేదు, విడదీయు వ్యయము సున్న. కణములు ద్రవమున నున్నంత చేరువగా నుండి, వేడి పెరిగినకొలది ఎచ్చటను గంతు వేయక, క్రమముగా ఎడమై, చివరకు ఆవిరి ప్రవర్తనమును పొందును. ఏ క్షణమున ద్రవము వాయువాయెనని అడిగినచో చూపుటకు క్షణమే లేదు. ద్రవము, వాయువు అను పేర్లు రెండును ఈ హద్దుకు ఇవతల మాత్రమే చెల్లును. అన్నంభట్టు నీటికి పుట్టుకతో వచ్చిన గుణముగా నెంచిన ద్రవత్వము, అడ్డగింపబడుట గాదు, అడుగుటకే అర్థము లేనిదై పోయినది.

రామగుండములోనే, పాత కేంద్రమును ఆనుకొని, తెలంగాణ విద్యుత్కేంద్రమను పేర 800 మెగావాట్ల యూనిట్లు రెండు నిర్మింపబడినవి. మొదటిది 2023 అక్టోబరులోను, రెండవది 2024 మార్చి 4న ఆదిలాబాదులో జరిగిన సభలోను జాతికి అంకితమైనవి. ఇవి ఆ హద్దుకు పైననే పనిచేయు బాయిలర్లు. నీరు ఒకవైపున గొట్టములలో ప్రవేశించి, ఒకే పరుగున వేడెక్కి, రెండవవైపున చక్రములకు పోవును. తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు లభించుటకు ఇది యొక కారణము. వీనిలో పాతవాని డ్రమ్ము లేదు. నీటిని ఆవిరిని వేరుచేయుటకు పెట్టిన పీపా గనుక, వేరుచేయవలసినవి రెండు లేని చోట దానిని పెట్టలేదు. పొయ్యి రాజేసిన తొలిగడియలలో, ఒత్తిడి ఇంకను హద్దుకు దిగువనున్నంతవరకు మాత్రము, ఒక చిన్న వేర్పాటు పాత్ర పనిచేసి, తరువాత ఊరకుండును.